జూన్‌లో ఐదు వేలు, పక్కన ఒక అక్క

తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది. ఆ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మర పడవలు ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉంటాయి. చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి నిషేధం అవసరమే. కానీ ఇంటర్ ఫలితాలు వచ్చేది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. ఎంట్రన్స్ పరీక్షలు, దరఖాస్తు ఫీజులు, సర్టిఫికెట్ల కోసం తిరుగుళ్లు అన్నీ అప్పుడే. వేట మళ్లీ మొదలయ్యాక తొలి నెల సంపాదన ఇంట్లోకి రాదు, ఆ రెండు నెలలూ తెచ్చిన అప్పుకు పోతుంది. వేట లేని కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో 20,000 రూపాయలకు పెంచారు. అది బియ్యానికీ, వడ్డీలకూ సరిపోతే అదే గొప్ప. అంటే పెద్ద జాలరిపేటలో ఒక అమ్మాయి ఇంటర్ పాసై కాలేజీ గడప తొక్కాల్సిన సమయానికి ఆ ఇంట్లో చేతిలో డబ్బు ఆడని కాలం నడుస్తూ ఉంటుంది.

పేదింటి ఆడపిల్లల పైచదువు గురించి మాట్లాడేటప్పుడు ఎంత డబ్బు కావాలనే అడుగుతాం. ఏ నెలలో కావాలని ఎవరూ అడగరు. విశాఖలో ఈ రెండో ప్రశ్నే ముఖ్యం.

నిజానికి ట్యూషన్ ఫీజు విషయంలో ఆంధ్రప్రదేశ్ చాలా రాష్ట్రాల కంటే ముందే ఉంది. 2008 ప్రాంతంలో మొదలైన పథకానికి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారినా, జనం నోట మాత్రం అది ఎప్పుడూ ఫీజు రీయింబర్స్‌మెంటే. రెండున్నర లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలు లక్షల మంది దానివల్లే ఇంజనీరింగ్, డిగ్రీ చదివారు. వాళ్లలో అమ్మాయిలు ఎంతమందో ఈ నగరంలో ఏ సాఫ్ట్‌వేర్ ఆఫీసులోకి వెళ్లినా, ఏ బ్యాంకు కౌంటర్ ముందు నిలబడినా కనిపిస్తుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

అయినా చదువు మధ్యలో ఆగిపోతున్న అమ్మాయిలు ఉన్నారు. ఫీజు కట్టేవాళ్లు ఉన్నా ఎందుకు ఆగిపోతున్నారు అన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సిన విషయం.

మొదటి కారణం, ఫీజు వేరు, చదువు ఖర్చు వేరు. నగరం అంచున ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలకు కాలేజీ బస్సు ఎక్కాలి, ఆ బస్సు డబ్బు రీయింబర్స్‌మెంట్‌లో రాదు. పరీక్ష ఫీజు, రికార్డులు, ల్యాబ్ కోటు, ప్రాజెక్టు ప్రింట్లు, ఫోన్ రీచార్జి... ఇవన్నీ చిన్న ఖర్చులే, కానీ ప్రతి దానికీ చివరి తేదీ ఉంటుంది. హాస్టల్ సంగతి మరీ కష్టం. వసతి దీవెన పేరుతో 2020 నుంచి కొన్నేళ్లు డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలకు ఏడాదికి 20,000 రూపాయలు రెండు విడతల్లో ఇచ్చే ఏర్పాటు ఉండేది. పాలిటెక్నిక్‌కు 15,000, ఐటీఐకి 10,000. ఇరవై వేలను పది నెలలకు పంచితే నెలకు రెండు వేలు. మద్దిలపాలెం, ఎం.వి.పి. కాలనీ చుట్టుపక్కల ప్రైవేటు లేడీస్ హాస్టల్‌లో మంచం దొరకాలంటే నెలకు ఐదారు వేలు పెట్టాలి. అడ్వాన్సు వేరే. ఆ తేడా ఎవరో ఒకరు భరించాలి. భరించలేని ఇంట్లో "ఊరి దగ్గర్లో ఏ కోర్సు దొరికితే అదే చదువు" అనే మాట వస్తుంది, అదీ కుదరకపోతే "చదివింది చాల్లే" అంటారు.

రెండో కారణం ఆలస్యం. పథకం డబ్బు వస్తుంది, కానీ వచ్చేది తర్వాత. బకాయిలు పేరుకుపోయినప్పుడు కాలేజీ యాజమాన్యం ప్రభుత్వాన్ని గట్టిగా అడగలేదు, పిల్లను అడుగుతుంది. హాల్ టికెట్ దగ్గర, టీసీ దగ్గర, సర్టిఫికెట్ల దగ్గర ఆపుతారు. ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఆ సంగతి తెలిసిన అమ్మాయి అడగగలదు. తెలియని అమ్మాయి క్లర్కు కిటికీ ముందు నిలబడి, తలదించుకుని ఇంటికి వెళ్లిపోతుంది.

మూడో కారణం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లకు ఇది అసలు సమస్యలానే కనిపించదు. అది కాగితాలు.

స్కాలర్‌షిప్ కోసం వచ్చే అమ్మాయి చేతిలో సాధారణంగా ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. చీర కొన్నప్పుడు షాపులో ఇచ్చిన కవరు. అందులో టెన్త్ మెమో, ఇంటర్ మెమో, స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, రేషన్ కార్డు జిరాక్సు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు. అన్నీ ఉన్నట్టే ఉంటాయి. తీరా చూస్తే టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. పాస్‌బుక్కులో ఇంటిపేరు చివరికి పోయి ఉంటుంది. మనిషి ఒక్కరే, కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు. పుట్టిన తేదీలో ఒక అంకె తేడా ఉన్నా అంతే. ఆధార్ సరిచేయించుకోవడానికి ఒక రోజు, సచివాలయానికి రెండుసార్లు, బ్యాంకుకు ఇంకో పూట. ప్రతిసారీ తల్లి కూలి పోతుంది, లేదంటే ఆ రోజు చేపల గంప దిగదు.

బ్యాంకు దగ్గర ఇంకో చిక్కు. ప్రభుత్వ డబ్బు ఇప్పుడు చాలావరకు ఆధార్ ఆధారంగా జమవుతుంది. దరఖాస్తులో రాసిన ఖాతాలోకే పడుతుందని పిల్లలు అనుకుంటారు. అలా కాదు, ఆధార్‌తో చివరగా మ్యాప్ అయిన, అంటే జోడించిన ఖాతాలోకి పడుతుంది. ఎప్పుడో స్కూల్లో తెరిచిన జీరో బ్యాలెన్సు ఖాతా ఒకటి, తర్వాత ఇంకో పథకం కోసం తెరిచినది ఒకటి. కేవైసీ చేయించని ఖాతాకు మ్యాపింగ్ అయి ఉంటే స్టేటస్‌లో మంజూరైంది అని కనిపిస్తూనే ఉంటుంది, డబ్బు చేతికి రాదు. బ్యాంకుకు వెళ్లి "ఎన్‌పీసీఐ మ్యాపింగ్ ఈ ఖాతాకు మార్చండి" అని ఒక్క వాక్యం చెప్పగలిగితే పని అయిపోతుంది. ఆ ఒక్క వాక్యం చెప్పేవాళ్లు లేక ఏడాది స్కాలర్‌షిప్ పోగొట్టుకోవడం ఎంత దారుణమో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకా బాధ కలిగించే విషయం, అడిగితే దొరికే డబ్బు అడిగేవాళ్లు లేక ఉండిపోవడం. టెక్నికల్ కోర్సుల్లో చేరే అమ్మాయిల కోసం ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 50,000 రూపాయలు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే చాలు, ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల దాకా ఇస్తారు, డిప్లొమాకూ ఉంది. అయితే డిగ్రీ మొదటి ఏడాదిలోనో, లేటరల్ ఎంట్రీలో రెండో ఏడాదిలో చేరినప్పుడో దరఖాస్తు చేయాలి. ఆ ఏడాది దాటిపోతే మళ్లీ అవకాశం రాదు. ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లకు కేంద్రం ఇచ్చే మరో స్కాలర్‌షిప్‌లో సగం అమ్మాయిలకే కేటాయించారు. డిగ్రీకి ఏడాదికి 12,000, పీజీకి 20,000. దాన్ని నిలుపుకోవాలంటే ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి, రెన్యువల్ చేయించుకోవాలి. మొదటి ఏడాది తీసుకుని రెన్యువల్ తేదీ తెలియక పోగొట్టుకునే పిల్లలు కూడా ఉంటారు.

జాలరిపేట నుంచి ఒకసారి గిరిజనులుండే ఏజెన్సీ కొండల వైపు చూస్తే లెక్కలు ఇంకోలా ఉంటాయి. పాడేరు, చింతపల్లి, అరకు 2022 జిల్లాల విభజన తర్వాత అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి, కానీ పెద్ద చదువంటే అక్కడి పిల్లలు ఇప్పటికీ దిగేది విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లోనే. పాడేరు నుంచి ఘాట్ రోడ్డు దిగి నగరానికి చేరాలంటే నూరు కిలోమీటర్ల పైమాటే. కాఫీ తోటలున్న ఇళ్లలో డబ్బు కనిపించేది కాయ కోసి అమ్మాక, అంటే చలికాలంలో. అడ్మిషన్లు వర్షాకాలంలో. అక్కడా అదే చిక్కు, నెలలు వేరు అంతే. కస్తూర్బా విద్యాలయాల్లోనూ, గిరిజన గురుకులాల్లోనూ అన్నం, పుస్తకాలు, వార్డెన్, లైటు అన్నీ ఒకే చోట దొరికిన అమ్మాయి ఇంటర్ పూర్తవగానే ఒక్కసారిగా అవన్నీ వదిలి నగరంలో పడుతుంది. చదివే పిల్లల తల్లులకు ప్రభుత్వం డబ్బు ఇచ్చే తల్లికి వందనం పథకం కూడా ఒకటి నుంచి ఇంటర్ వరకే. ఆసరా పన్నెండో తరగతితో ఆగిపోతుంది, అవసరం మాత్రం సరిగ్గా అక్కడే పెరుగుతుంది.

దీనికి భాష కూడా తోడవుతుంది. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్లలో పెరిగిన అమ్మాయికి తెలుగే రెండో భాష. రాష్ట్రంలో డిగ్రీ కాలేజీలను 2021-22 నుంచి ఇంగ్లిష్ మీడియానికి మార్చారు. మొదటి సెమిస్టర్‌లో కెమిస్ట్రీ అర్థంకాక కాదు, లెక్చరర్ నోట వచ్చే మాట ఏ భాషలో ఎక్కడ ఆగిందో అర్థంకాక ఫెయిలవుతారు. ఒక సబ్జెక్టు పోతే "నాకు రాదు" అనుకుంటారు. మూడు పోతే ఇంటికి వెళ్లిపోతారు. చాలా ప్రైవేటు స్కాలర్‌షిప్‌లు మార్కులు 60 శాతం కన్నా తగ్గితే ఆపేస్తామని నిబంధన పెడతాయి. మొదటి ఏడాదికి ఆ నిబంధన పెట్టడం పొరపాటు. ఎవరికి సాయం చేయాలని ఆ డబ్బు పెట్టారో సరిగ్గా వాళ్లనే అది బయటికి నెడుతుంది. బ్యాక్‌లాగ్ ఉన్న అమ్మాయికి డబ్బు ఆపడం కన్నా ట్యూషన్ పెట్టించడం న్యాయం.

"ఇప్పుడు ఆడపిల్లలే ఎక్కువ చదువుతున్నారు కదా" అనే మాట తరచుగా వినిపిస్తుంది. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే లెక్కల్లో అమ్మాయిల నమోదు నిష్పత్తి (18-23 ఏళ్ల వయసువాళ్ల సంఖ్యతో పోలిస్తే పైచదువుల్లో ఉన్నవాళ్ల శాతం) 28.5, మొత్తం మీద 28.4. నిజమే, దేశం మొత్తం చూస్తే అమ్మాయిలు వెనకబడి లేరు. అదే సర్వేలో ఎస్సీల నిష్పత్తి 25.9, ఎస్టీలది 21.2. మొత్తం సగటు చూసి సంతోషపడే ముందు ఏ ఇంటి అమ్మాయి అన్నది కూడా చూడాలి. ఇంకొక లెక్క ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశ సగటు 23.3. ఫీజు కట్టే రాష్ట్రంలోనే ఈ సంఖ్య ఇలా ఉందంటే, ఫీజు ఒక్కటే తేల్చే వ్యవహారం కాదని తెలుస్తూనే ఉంది.

పెళ్లి సంబంధం సాధారణంగా రెండో ఏడాదిలో వస్తుంది. ఆ తండ్రి దుర్మార్గుడేమీ కాదు. అతని వైపు నుంచి ఆలోచిస్తే మాట ఇలా ఉంటుంది: "మంచి సంబంధం మేడమ్. కుర్రోడు కంపెనీలో పన్జేస్తన్నాడు. మా గుంట ఇంకా చదివితే అంతకంటే చదివినోణ్ణి తేవాలి, కట్నం ఎక్కడ తెమ్మంటారు?" ఈ లెక్కకు స్కాలర్‌షిప్ ఫారంలో గడి లేదు. దీనికి జవాబు మనిషే చెప్పాలి. "అన్నయ్యా, పెళ్లి వద్దనట్లేదు. ఇంకా మూడు సెమిస్టర్లే. అవి పూర్తయితే పిల్ల చేతిలో డిగ్రీ ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది. అప్పుడు ఇదే సంబంధం వాళ్లు మీతో ఎలా మాట్లాడతారో చూడండి" అని ఆ ఇంటి అరుగు మీద కూర్చుని, ఇచ్చిన టీ తాగి చెప్పాలి. ఒక్కసారితో అవదు. మళ్లీ వెళ్లాలి.

మెంటరింగ్ అనే పెద్ద మాటకు అసలు అర్థం ఇదే. కాలేజీల్లో మెంటార్ ఉండాలని కాలేజీలకు గ్రేడులిచ్చే సంస్థ న్యాక్ అడుగుతుంది, ఎంతమంది విద్యార్థులకు ఒక మెంటార్ అన్న నిష్పత్తి కూడా అడుగుతుంది. అందుకే చాలా కాలేజీల్లో రిజిస్టర్ ఉంటుంది. కానీ ఒక్కో లెక్చరర్ మీద ముప్పై నలభై మంది పిల్లలు, పైన సిలబస్, వాల్యుయేషన్, అడ్మిషన్ల డ్యూటీ. ఆమె మాత్రం ఏం చేయగలదు? పైగా హాజరు వేసే మనిషికి ఇంటి గొడవలు చెప్పుకోవాలంటే ఏ పిల్లకైనా జంకే.

ఈ పని ఇద్దరు కలిసి చేయాలి. ఒకరు అదే చదువు నాలుగైదేళ్ల ముందు చదివిన అక్క. వీలైతే అదే పేట, అదే మండలం. హాస్టల్ ఎక్కడ మంచిది, ఏ సబ్జెక్టుకు ఏ నోట్సు, వెబ్ ఆప్షన్లలో ఏది ముందు పెట్టాలి, నెలసరి రోజుల్లో ల్యాబ్ ఎలా, బస్‌స్టాపులో వెంటపడేవాడి సంగతి ఎవరికి చెప్పాలి, ఇలాంటివి ఆ అమ్మాయి అడిగేది అక్కనే. రెండోవారు వయసులో పెద్దవారు, మాటకు బరువున్నవారు. ఈ విషయంలో విశాఖ అదృష్టవంతమైన ఊరు. పోర్టు, స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు, బ్యాంకులు, ఎల్‌ఐసీ, ఆంధ్ర యూనివర్సిటీ, కేజీహెచ్ ఆసుపత్రి, వీటన్నిటిలో పనిచేసి రిటైరైన మహిళలు సీతమ్మధార నుంచి గాజువాక దాకా ఉన్నారు. ఫారం నింపడం, అధికారితో మాట్లాడటం, బ్యాంకు మేనేజర్‌కు ఉత్తరం రాయడం వాళ్లకు చేతిలో పని. తండ్రితో మాట్లాడటానికి అక్క సరిపోదు, మేడమ్ కావాలి. రాత్రి పదింటికి ఏడుస్తూ ఫోన్ చేయడానికి మేడమ్ సరిపోదు, అక్క కావాలి.

డబ్బు, మనిషి, ప్రయాణం మూడూ కలిపి ఇస్తే ఏమవుతుందో చూసిన అనుభవం ఉంది. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో ఏఎస్ఏపీ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పేద విద్యార్థులకు మిగిలిన ఫీజు, పుస్తకాలు, మెట్రో కార్డు ఇచ్చి, తక్కువమందికి ఒక సలహాదారు చొప్పున పెట్టి తరచుగా కలిసేలా చేశారు. లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి పోల్చి చూస్తే, మూడేళ్లలో కోర్సు పూర్తి చేసినవాళ్లు ఈ కార్యక్రమంలో 40 శాతం, బయట 22 శాతం. దాదాపు రెట్టింపు. న్యూయార్క్ వేరు, విశాఖ వేరు. కానీ మెట్రో కార్డు లాంటి చిన్నదాన్ని వాళ్లు చిన్నదిగా చూడలేదన్నది గమనించాలి. మన దేశంలోనే బిహార్ 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లిచ్చింది. ఆ తర్వాత హైస్కూలు వయసు అమ్మాయిల నమోదు 32 శాతం పెరిగిందని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ లెక్కకట్టారు.

మన దగ్గర 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకంతో ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లకు కూడా వర్తిస్తుంది. పెందుర్తి నుంచో ఆనందపురం నుంచో రోజూ వచ్చే అమ్మాయికి ఇది నేరుగా స్కాలర్‌షిప్ లాంటిదే. పాస్ డబ్బు మిగిలింది కాబట్టి ఇక సాయంత్రం ల్యాబ్ అయ్యాక బస్సు ఉందా, బస్సు దిగాక ఇంటిదాకా లైట్లు ఉన్నాయా అన్నది చూడాలి.

హాస్టల్ లేక చదువు ఆగే సమస్య ఈ ఊరికి కొత్త కాదు. దుర్గాబాయ్ దేశ్‌ముఖ్‌కు ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఆ బంధం నుంచి బయటపడి, జైలుకు వెళ్లివచ్చి, ఆమె చదువుకోవడానికి వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చారు. అమ్మాయిలకు హాస్టల్ లేదన్న కారణంతో మొదట చేర్చుకోవడానికి వెనకాడారని, తనలాగే చదవాలనుకునే అమ్మాయిలను పత్రికా ప్రకటన ద్వారా పోగుచేసి ఆమే హాస్టల్ ఏర్పాటు చేసుకున్నారని చెబుతారు. తర్వాత ఆమె రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు, 1958లో స్త్రీ విద్యపై జాతీయ కమిటీకి అధ్యక్షత వహించారు. ఆ ఒక్క గదుల వరస దొరక్కపోయి ఉంటే?

ఇక సాయం చేసేవాళ్ల గురించి. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి, విద్య అందులో ఉంది. విశాఖ చుట్టూ పరిశ్రమలకు కొదవ లేదు. కానీ ఈ డబ్బు ఎక్కువగా ఆర్థిక సంవత్సరం చివర, ఒక్క ఏడాదికే వస్తుంది. నాలుగేళ్ల కోర్సుకు ఒక్క ఏడాది సాయం చేస్తే రెండో ఏడాది ఆ పిల్ల ఇంకా పెద్ద టెన్షన్‌లో పడుతుంది. వందమందికి ఒక ఏడాది ఇవ్వడం కన్నా పాతికమందికి నాలుగేళ్లూ ఇస్తామని ముందే రాసివ్వడం మేలు. ఇంకొక్క విన్నపం. చెక్కు ఇస్తూ ఫొటో తీసి, "కూలీ కూతురు", "తండ్రి లేని బాలిక" అని పేరుతో సహా పేపర్లో వేయించకండి. ఆ అమ్మాయి మర్నాడు అదే క్లాసులో కూర్చోవాలి.

పెద్ద నిధి లేకపోయినా మొదలుపెట్టగలిగిన పని ఒకటి ఉంది. ప్రభుత్వ ఫీజు ఎలాగూ వస్తుంది. అది వచ్చేలోపు అడ్డంపడే ఖర్చుకు మనిషికి ఐదు వేల రూపాయలు, జూన్ మొదటి వారంలో, అప్పుగా కాకుండా. యాభై మంది అమ్మాయిలకు రెండున్నర లక్షలు. ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్, ఒక పూర్వ విద్యార్థుల సంఘం, ఒక రిటైర్డ్ ఉద్యోగుల సంఘం కలిస్తే కూడే మొత్తమే. దానితోపాటు మే నెలలో రెండు ఆదివారాలు, పేటలోనే ఏ కమ్యూనిటీ హాల్లోనో కూర్చుని ఆ ప్లాస్టిక్ కవర్లు విప్పి చూడాలి. పేర్లు కలుస్తున్నాయా, ఖాతా మ్యాప్ అయిందా, ప్రగతికి ఎవరు అర్హులు, ఎవరికి హాస్టల్ కావాలి. తప్పులు మేలోనే దొరికితే దిద్దుకోవడానికి నెల ఉంటుంది. ఆగస్టులో దొరికితే ఏడాది పోతుంది.

అక్కలకు కూడా కొంత ఇవ్వాలి. వాళ్లూ పేదింటి పిల్లలే, చాలామంది ఇంకా చదువుకుంటున్నవాళ్లే. నెలకు ఫోన్ రీచార్జి, కేజీహెచ్‌కో బ్యాంకుకో తోడు వెళ్లిన రోజు ఆటో డబ్బులు, మధ్యాహ్నం భోజనం. నలుగురు చెల్లెళ్లకు ఒక అక్క చొప్పున యాభై మందికి పదముగ్గురు చాలు. వాళ్లు ఏ సంస్థ జాబితాలోంచో రానక్కర్లేదు. పోయినేడు ఇదే కవరు పట్టుకుని ఇదే క్యూలో నిలబడిన అమ్మాయిలు కంచరపాలెంలో, జ్ఞానాపురంలో, జాలరిపేటలో ఉన్నారు.